నిద్రగిన్నె

బడి వంటగది, పిండి డబ్బాల గది
ఫిబ్రవరి 9

మొద్దూ,

ఎలా ఉన్నావని అడిగే ఓపిక లేదు. బాగానే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను. నా ఒళ్ళు మండిపోతోంది.

మా బడివాళ్ళు తల్లిదండ్రుల కోసం ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు, పిల్లలతో కలిసి చేసుకునే పొద్దుటి ఫలహారాల మీద. ఏడో పేజీ తిప్పితే మన అమ్మ నిద్రగిన్నె! సాయంత్రం సర్ది, రాత్రంతా ఫ్రిజ్‌లో నిద్రపుచ్చి, పొద్దున్నే ఓవెన్‌లోకి తోసే మన నిద్రగిన్నే. నిన్నటి బ్రెడ్డు పన్నెండు ముక్కలు, ఆరు గుడ్లు, మూడు గ్లాసుల పాలు, ఉడికిన బంగాళదుంప, పైన చీజ్ తురుము. "బ్రెడ్డు కత్తితో కొయ్యొద్దు, పిల్లల చేత తుంచించాలి, వాళ్ళ వేళ్ళే సరైన కొలత" అన్న అమ్మ మాట పొల్లు పోకుండా ఉంది. కాగితం అడుగున అమ్మ రాసిన "మిగతాది పిల్లలకి తెలుసు" అన్న ముక్క కూడా వదల్లేదు. కింద పేరు మాత్రం టోపీది.

టోపీ అంటే పోయిన ఏడాది మా వంటగదికి పెద్ద వంటమనిషిగా వచ్చినావిడ. నీళ్ళు మరగబెట్టాలన్నా మూరెడు తెల్లటోపీ పెట్టుకోనిదే స్టవ్వు వెలిగించదు. ఎదురుగా మేడమ్ అంటాం, వెనకాల టోపీ అంటాం.

అంతటితో ఆగినా ఊరుకునేదాన్నేమో. ఆరేళ్ళుగా నేను నడిపిన శనివారం వంట క్లాసు ఇక నుంచి ఆవిడ నడుపుతుందట. "వంటకం ఆవిడది కదమ్మా, ఆవిడ నేర్పితేనే బావుంటుంది" అన్నారు హెడ్మాస్టరు, నా మొహం చూడకుండా. నన్ను బంగాళదుంపల తొక్క తీసే బల్ల దగ్గరికి మార్చారు. క్లాసులో పన్నెండుమంది పిల్లలు నిలబడే ఆ పన్నెండు స్టూళ్ళూ నేను గరుకు కాగితంతో రుద్ది రంగులు వేసినవి. నాకు పిల్లలు లేరు, నీకు తెలుసు. వారానికో పూట దొరికే ఆ పన్నెండుమందీ నా పిల్లలనుకున్నాను. అది పోయింది.

అమ్మ రాసిన కాగితాలు రెండే. ఒకటి నీ దగ్గరుంది, ఒకటి నా మిరియాల డబ్బా కింద ఉంటుంది. నేను చూడనప్పుడు తీసి, రాసుకుని, మళ్ళీ అక్కడే పెట్టి ఉంటుంది మహాతల్లి.

నీకొక్కదానికే చెబుతున్నాను. కాగితంలో ఉన్నదంతా ఆవిడ పుస్తకంలో ఉంది. కాగితంలో లేనిది లేదు. అది చూసి తలుపేసుకుని ఈ గదిలోనే పడీపడీ నవ్వాను. మే నెలలో తల్లిదండ్రుల రోజున, బడి కమిటీ ముందు, పిల్లల చేత చేయించి రెండువందలమందికి పెడుతుందట. పెట్టనీ. ఆ టోపీ ఆవిడ చేత్తోనే దించేలా చేస్తాను. చెయ్యకపోతే నేను అమ్మ కూతుర్నే కాదు.

నీ అక్క


కళ్ళద్దాల షాపు, అద్దాలు అరగదీసే గది
ఫిబ్రవరి 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం వస్తే నీ అక్షరాలు పెద్దవవుతాయి, కళ్ళజోడు లేకుండానే చదవచ్చు. మా కళ్ళ డాక్టరు చూస్తే తన బోర్డుకి బదులు నీ ఉత్తరం తగిలిస్తాడు.

ఒక వంటకం కోసం ఇంత పగ దేనికే? పోనిద్దూ. పేరు ఎవరిదైతేనేం, పది ఇళ్ళల్లో పిల్లలు తింటారు. ఆవిడ నీ డబ్బా కిందే తీసిందని ఎలా చెప్పగలవు? కంటితో చూడలేదుగా. క్లాసు సంగతి నీకు కష్టమే, కాదనను. హెడ్మాస్టరుతో నెమ్మదిగా మాట్లాడి చూడు.

మా ఇంట్లో అంతా మామూలే. బుజ్జికి తొమ్మిదో ఏడు వస్తోంది. చిన్నాడు, అదే మన పిడుగు, రెండు పళ్ళు ఊడగొట్టుకుని మూడోదాన్ని కదుపుతున్నాడు. పోయిన ఆదివారం నేనూ నిద్రగిన్నె చేశాను. ఎప్పటిలాగే పైన ఎర్రగా, మధ్యలో జావ. "నీ నిద్రగిన్నె ఇంకా నిద్ర లేవలేదే" అని మా ఆయన పాత జోకే మళ్ళీ వేశాడు. పిల్లలు పైపెచ్చు తిని తక్కినది పక్కకు నెట్టారు. ఇరవై ఏళ్ళుగా కాగితం చూసుకునే చేస్తున్నాను, ఎక్కడ తప్పుతున్నానో తెలియదు.

అన్నట్టు, కాగితంలో లేనిది అని రాశావు. ఏమిటది?

నీ మొద్దు


బడి వంటగది, దుంపల బల్ల
మార్చి 18

మొద్దూ,

పోనిద్దూ అంటావా? నీకేం, బుజ్జీ పిడుగూ చెరో చెయ్యీ పట్టుకుని తిరుగుతారు. నా చేతిలో ఉన్నది తొక్కతీసే కత్తి.

కానీ ఈ మధ్య ఆ కత్తితో హాయిగానే ఉంది. టోపీ మూడు శనివారాలుగా నిద్రగిన్నె ప్రయత్నిస్తోంది. మొదటివారం జావ. ఓవెన్ పాడైందని మెకానిక్కుని పిలిపించింది. అతను లోపల తలపెట్టి చూసి, ఓవెన్ నాకంటే ఆరోగ్యంగా ఉందన్నాడు. రెండోవారం గుడ్ల తప్పంది, గుడ్లవాణ్ణి మార్చింది. మళ్ళీ జావ. మూడోవారం బ్రెడ్డు తప్పంది. ఇక మిగిలింది ఫ్రిజ్జు, కరెంటు, వాతావరణం.

నన్ను గట్టిగా అడగడానికి లేదు. వంటకం తనదని అచ్చు వేయించుకుంది కదా! దొంగకి తేలు కుట్టినట్టుంది దాని పని. నిన్న నా బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక దుంప చేతిలోకి తీసుకుని, "మీ ఇంట్లో కూడా ఇలాంటిదేదో చేసేవారటగా, ఎలా చేసేవారేమిటి?" అంది.

"కాగితంలో ఉన్నట్టే మేడమ్" అన్నాను, తలెత్తకుండా.

ఎంత కమ్మగా ఉందో ఆ మాట నోట్లో! రోజంతా చప్పరించాను.

తల్లిదండ్రుల రోజు మే పదిన. ఎనిమిది పెద్ద ట్రేలు. కమిటీవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. ఆ పక్కనే నేనూ కుర్చీ వేయించుకుంటున్నాను. అందరూ చెంచా ముంచే క్షణం కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

నువ్వడిగినదానికి జవాబు కలిసినప్పుడు చెబుతాలే. అంత తొందరేం వచ్చింది?

నీ అక్క


మా ఇంటి వంటిల్లు
ఏప్రిల్ 6

అక్కగారికి,

నిన్న బుజ్జి పుట్టినరోజు. దాని స్నేహితురాళ్ళు నలుగురు ముందురోజు సాయంత్రమే వచ్చి నాతో బ్రెడ్డు తుంచారు, గుడ్లు కొట్టారు, బల్లంతా పాలు చేశారు. నేనే దగ్గరుండి సర్దించాను. పొద్దున జావ అయింది. బుజ్జి కంటనీళ్ళు పెట్టుకుని, "పెద్దమ్మ చేస్తేనే తింటాను, నువ్వు చెయ్యకమ్మా" అంది, నలుగురి ముందూ.

అప్పుడు నీ రెండు ఉత్తరాలూ తీసి పక్కపక్కన పెట్టాను. కాగితంలో లేనిదేదో ఉందని నీకు తెలుసు. నా గిన్నె జావవుతోందని ఇరవై ఏళ్ళుగా నీకు తెలుసు. ఏమిటది అని అడిగితే తొందరేం వచ్చింది అంటావు. నేను కళ్ళద్దాలు అరగదీసే మనిషినక్కా. నాకు కనబడటం కాస్త ఆలస్యమవుతుందేమో గానీ, కనబడక మానదు.

కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. నీ మిరియాల డబ్బా కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు. టోపీకి ఆ కాగితం ఇచ్చింది నేను.

పోయిన శీతాకాలంలో ఆవిడ కళ్ళజోడు చేయించుకోవడానికి మా షాపుకి వచ్చింది. మాటల్లో మీ బడి అని తెలిసింది. ఫలానా ఆవిడ చెల్లెల్ని అన్నాను. "మీ అక్క ఆ వంటకం ఎవరికీ చెప్పరండీ, పిల్లల్ని కూడా ఓవెన్ దగ్గరికి రానివ్వరు" అంది నవ్వుతూ. అంతకు వారం ముందే నువ్వు మా ఇంటికొచ్చి, నేను చేసింది ఒక చెంచా తిని, ప్లేటు పక్కకు జరిపి, మా అత్తగారు వింటుండగా, "అందరికీ అమ్మ చెయ్యి రాదులే" అన్నావు. గుర్తుందా? నీకుండదు. అన్నవాళ్ళకి గుర్తుండదు.

ఇంటికెళ్ళి కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను, రాసుకుని తిరిగిచ్చింది. పేరు మార్చి అచ్చు వేస్తుందనుకోలేదు, అది నిజం. కానీ నీకు మండాలనే ఇచ్చాను, అదీ నిజమే. నీ క్లాసు పోతుందని తెలిస్తే ఇచ్చేదాన్నా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నిన్నటి దాకా ఇచ్చేదాన్ని కాదనుకున్నాను. ఇవాళ ఇచ్చేదాన్నే అనిపిస్తోంది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఆ శ్రమ లేకుండా నేనే చెప్పాను.

నీ చెల్లెలు


బడి వంటగది
ఏప్రిల్ 10

నీ ఉత్తరం దుంపతొక్కల బుట్టలో వేశాను. మళ్ళీ తీసి తుడుచుకుని చదివాను. మళ్ళీ వేశాను.

నా శనివారాలు తీసుకెళ్ళి ఎవరికో పెట్టినదానివి, కంటనీళ్ళ కథలు నాకెందుకు? బయటివాళ్ళు పొడిస్తే కట్టు కట్టుకుంటాం. తోడబుట్టినది పొడిస్తే ఎక్కడ కట్టుకోవాలి?

అమ్మ ఆ సంగతి నాకే చూపించింది. నీకు చూపించలేదు. ఎందుకు చూపించలేదో తీరిగ్గా కూర్చుని ఆలోచించుకో. కావాలంటే నీ టోపీకి ఉత్తరం రాసుకో, ఏదో ఒకటి తక్కువైందని. ఏది తక్కువైందో మాత్రం మీ ఇద్దరూ కలిసి ఏడు జన్మలెత్తినా కనిపెట్టలేరు.

మే పది ఆగదు. ఆవిడతోపాటు నిన్నూ ఆ ట్రేలో చూసుకుంటాను. ఇక నా గడప తొక్కకు.


కళ్ళద్దాల షాపు
ఏప్రిల్ 28

అక్కా,

నువ్వు చెప్పినట్టే తీరిగ్గా కూర్చుని ఆలోచించాను. టోపీకి ఏమీ రాయలేదు. రాయడానికి నాకేం తెలుసని? అదే కదా నీ బలం.

గుర్తొచ్చినవి రాస్తున్నాను. మన గదికీ వంటింటికీ మధ్య ఒకే గోడ. నాకు రోజూ మెలకువ వచ్చేది ఓవెన్ తలుపు మూసిన చప్పుడుకి. దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చేసరికి అమ్మ చేతులు తుడుచుకుంటూ ఉండేది. నువ్వు స్టూలు మీద నిలబడి ఉండేదానివి, చేతిలో ఖాళీ గ్లాసుతో. "ఏం తాగావే?" అంటే "ఏం లేదు" అనేదానివి. నాకు ఇవ్వకుండా ఏదో తాగేశావని ఏడ్చేదాన్ని.

ఒకసారి అమ్మని అడిగాను, అక్కనొక్కదాన్నే లేపుతావేం, నన్ను లేపవేం అని. అమ్మ ఆశ్చర్యపోయింది. "రోజూ అక్కని పంపిస్తున్నానుగా నిన్ను లేపమని! ఎంత కదిపినా లేవట్లేదట కదే" అంది. ఆ రోజే నాకు మొద్దు అని పేరు పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు మా అత్తగారు కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆ పేరుతోనే ఇన్నేళ్ళూ నీకు ఉత్తరాలు రాశాను.

అక్కా, నాకు నిద్ర పలచన. పిడుగు పక్కమీద అటు తిరిగితే నాకు తెలివొస్తుంది. చిన్నప్పుడూ అంతే, ఓవెన్ తలుపుకే లేచేదాన్ని. అలాంటిదాన్ని కదిపితే లేవనా?

ఒక్కటే అడుగుతున్నాను. నన్ను లేపావా?


బడి వంటగది, దుంపల బల్ల
మే 19

చెల్లీ,

మొదట జరిగింది చెబుతాను. నీ ప్రశ్నకి జవాబు చివర్లో ఉంది, ముందుగా అది చూసుకోవాలనుకుంటే చూసుకో.

పదో తారీఖున ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. నీ ఉత్తరం సంచిలోనే ఉంది. పన్నెండుమంది పిల్లలూ కొత్త ఏప్రన్లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. తన పేరుతో అచ్చయ్యాక వంటకం మార్చే దారి లేదు టోపీకి. ట్రేలు బయటికొచ్చాయి. పైన బంగారంలా ఉన్నాయి, వాసన హాలంతా కమ్మేసింది. కమిటీ పెద్దాయన చెంచా దించాడు. మణికట్టు దాకా పోయిందా అన్నట్టు దిగిపోయింది. పైకి తీస్తే జావ కారి ఆయన ఫైలు మీద పడింది. ఎనిమిది ట్రేలూ అంతే. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా కడుపు నిండిపోయింది, ఉన్నమాట చెబుతున్నాను. మూడు నెలల ఆకలి ఒక్కసారిగా తీరింది.

టోపీ మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత పిల్లలవైపు తిరిగి, "సమానంగా తుంచమంటే వింటేగా! కబుర్లు చెప్పుకుంటూ చేశారు, మొత్తం పాడుచేశారు" అంది, అందరికీ వినబడేలా.

పిల్లల్లో ఒక తొర్రిపళ్ళది ఉంది, ఏడేళ్ళది. అది తన చేతులు రెండూ చూసుకుంది. నెమ్మదిగా వెనక్కి పెట్టుకుంది. ముందు వరసలో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, "నా చెయ్యి మంచిది కాదమ్మా, నాకు రాదు" అంది. నా కుర్చీకి జానెడు దూరంలో అంది.

అందరికీ అమ్మ చెయ్యి రాదులే. అన్నవాళ్ళకి గుర్తుండదన్నావు. గుర్తొచ్చిందే చెల్లీ. మీ ఇంట్లో ఆ మాట అని ప్లేటు పక్కకు జరిపాక నువ్వు నీ చేతులు ఎక్కడ పెట్టుకున్నావో కూడా గుర్తొచ్చింది.

లేచి నిలబడ్డాను. పిల్లలు మా అమ్మ రాసిన కాగితంలో ఉన్నట్టే చేశారని, కాగితంలోనే ఒకటి తక్కువని, అది తెలిసీ మూడు నెలలు నోరు మూసుకుని కూర్చున్నది నేనని చెప్పాను. "తెలిసి ఎందుకు ఊరుకున్నారమ్మా?" అన్నారు హెడ్మాస్టరు. పన్నెండు జతల కళ్ళు నన్నే చూస్తుంటే ఏం చెప్పను?

క్లాసు టోపీకే ఉంచారు. తెలియక చేసినదానికంటే తెలిసి చెయ్యనిచ్చినది పెద్ద తప్పని కమిటీ మాట. నేనైనా అదే అనేదాన్ని. ఏడో పేజీలో పేరు మాత్రం మారుస్తారు. నా పేరు వెయ్యబోతే వద్దని అమ్మ పేరు చెప్పాను.

మొన్న శుక్రవారం టోపీ నా బల్ల దగ్గరికొచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. అది లేకపోతే మామూలు మనిషే, జుట్టు పలచబడింది. "ఏం తక్కువైందో చెప్పండి, రేపు పిల్లలు వస్తారు" అంది. తన చేత్తోనే దించేలా చేస్తానన్నాను కదా. దించింది. నాకే సంతోషం కలగలేదు. "తొర్రిపళ్ళదాన్ని అడగండి మేడమ్, దానికి చెప్పాను" అన్నాను.

ఇక నీ ప్రశ్న.

లేపలేదు. ఒక్కరోజు కూడా లేపలేదు.

అమ్మ పంపించేది. గది గుమ్మం దాకా వచ్చేదాన్ని. నువ్వు నోరు తెరుచుకుని పడుకుని ఉండేదానివి. మనసులో పది దాకా లెక్కపెట్టి వెనక్కి వెళ్ళి, "లేవట్లేదమ్మా" అనేదాన్ని. నువ్వు పుట్టాక అమ్మ నాకొక్కదానికే దొరికేది ఆ పది నిమిషాలే. అందులో సగం ఇవ్వడానికి మనసొప్పలేదు. తర్వాత పెద్దదాన్నయ్యాక చెప్పేయాల్సింది. కానీ నీది జావ అయినప్పుడల్లా నేను గొప్పదాన్నయ్యేదాన్ని. అలవాటైపోయింది.

అమ్మ నీకు చూపించలేదని రాశాను కదా, అది పచ్చి అబద్ధం. నువ్వు లేచి ఉంటే నీకే చూపించేది. కాగితం అడుగున ఏం రాసిందో చూడు. ఇద్దరికీ తెలుసనే అనుకుంది. తెలుసనుకునే వెళ్ళిపోయింది.

గుడ్డు కలిపిన పాలు మొత్తం సాయంత్రం పొయ్యకూడదు. ఒక గ్లాసు ఆపాలి. పొద్దున ఓవెన్‌లో పెట్టేముందు పైనుంచి పొయ్యాలి. అడుగు రాత్రంతా తాగినది దానికి చాలు, పొద్దుటిది పైన పొంగుతుంది. ఆ గ్లాసు పెద్దవాళ్ళు పొయ్యకూడదు, అది పిల్లల వంతు. బడిలో ఆరేళ్ళూ పిల్లలు వచ్చేలోపే నేనే పోసేసేదాన్ని. వాళ్ళని కూడా లేపలేదన్నమాట.

బుజ్జినీ పిడుగునీ ముందు లేపు.

నీ అక్క


మా ఇంటి వంటిల్లు
మే 27

అక్కా,

ఆదివారం చేశాను. గ్లాసు కోసం బుజ్జీ పిడుగూ కొట్టుకున్నారు, చెరిసగం పోశారు. పిడుగు కొంత స్టవ్వు మీద కూడా పోశాడు. వచ్చింది. మధ్యలో చెంచా దించితే నిలబడింది. మా ఆయన రెండోసారి వడ్డించుకుని జోకు వెయ్యడం మర్చిపోయాడు. బుజ్జి గిన్నె అడుగు గీకింది. నేను వంటింట్లో ఓవెన్ వైపు తిరిగి నిలబడి ఏడ్చాను. ఇరవై ఏళ్ళ జావ ఒక గ్లాసు తేడా!

నీ క్లాసు పోయింది నా వల్లే. హెడ్మాస్టరుకి ఉత్తరం రాశాను, కాగితం ఇచ్చింది నేనని. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. అది నీ మీద జాలితో రాయలేదు, నా బాకీ కాబట్టి రాశాను. నిన్ను క్షమించలేదు. క్షమిస్తానో లేదో తెలియదు. ఇకమీదట మొద్దు అని రాస్తే చింపేస్తాను.

వచ్చే శుక్రవారం సాయంత్రానికి బయలుదేరి రా. గడప తొక్కొద్దని నువ్వన్నావు గానీ నేననలేదు. బ్రెడ్డు పిల్లలతో కలిసి నువ్వే తుంచు. గిన్నె నువ్వే సర్దు. ఒక గ్లాసు ఆపి ఫ్రిజ్‌లో పెట్టి, మా పిల్లల గదిలో పడుకో, వంటింటి గోడ పక్క మంచం నీకే.

పొద్దున్నే నేను బుజ్జిని పంపిస్తాను, పెద్దమ్మని లేపుకుని రా అని. గుమ్మం దాకా వచ్చి, పది లెక్కపెట్టి, వెనక్కి వచ్చి నాకేం చెప్పాలో దానికి ముందే నేర్పాను.

మెలకువగా ఉన్న
నీ చెల్లి